పన్నెండేళ్లకే ‘పెద్దమనిషి’!

కోట్‌పల్లి: ఊళ్లో తగవు వస్తే తీర్పు చెప్పేవాడిని పెద్దమనిషి అంటారు. నలుగురిలో మాట చెల్లుబాటయ్యే వాడిని పెద్దమనిషి అంటారు. తల నెరిసిన తర్వాత దక్కే ఈ గౌరవం ఆడపిల్లకు మాత్రం పన్నెండు, పదమూడేళ్లకే దక్కుతోంది. ఏడో తరగతి పుస్తకాల సంచి ఇంకా కొయ్యకు వేలాడుతుండగానే ‘పిల్ల పెద్దమనిషైంది’ అని ఇంటింటికీ కబురు పోతుంది. పేరు పెద్దదే గానీ ఆమె మాటకు విలువ పెరుగుతుందా అంటే అదీ లేదు. బడికి పోవాలో వద్దో, పెళ్లి ఎప్పుడో, ఎవరితోనో తేల్చేది ఇతరులే. ఆమెకు దక్కేది ఓ మూల, ఓ చాప, ఊరందరి చూపు.

కోట్‌పల్లి మండలంలోనే కాదు, వికారాబాద్, తాండూరు చుట్టుపక్కల పల్లెల్లో, తండాల్లో ఎక్కడికి వెళ్లినా ఈ మాటకు ఉన్న బలం ఇంతా అంతా కాదు. సమర్తాడిందనీ, ఈడేరిందనీ, పుష్పవతి అయిందనీ, రజస్వల అయిందనీ ఇంటికో తీరుగా చెబుతారు. ఏ మాట వాడినా పెద్దల మనసులో ఉండే అర్థం ఒకటే. ఎదగవలసింది ఎదిగింది, ఇక అత్తవారింటికి పంపడమే తరువాయి అని.

వైద్యశాస్త్రం ఇందుకు పూర్తిగా భిన్నంగా చెబుతోంది. తొలిసారి బహిష్టు కావడం ఎదుగుదలకు ముగింపు కాదు, నడిమి మజిలీ మాత్రమే. ఈ ఒక్క సంగతి ఇంటింటా తెలియకపోవడం వల్ల ఆడపిల్లలు చదువు, ఆరోగ్యం రెండూ పోగొట్టుకుంటున్నారు.

తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఈ ప్రాంత రైతుకు కంది చేను గురించి ఎవరూ చెప్పనక్కరలేదు. పూత పూసిన నాడే కొడవలి పట్టుకుని చేనులో దిగే రైతు ఒక్కడూ కనిపించడు. పూత నిలవాలి, కాయ పట్టాలి, గింజ గట్టిపడాలి. అప్పటిదాకా కాపలా కాస్తాడు. ఆడపిల్ల విషయంలో మాత్రం పూత కనిపించగానే కోతకు తొందరపడే ఇళ్లు ఇంకా ఉన్నాయి.

ఒంట్లో జరిగేది ఏమిటి?

ఆడపిల్ల శరీరంలో మార్పు ఒక్కరోజులో వచ్చిపడేది కాదు. మెదడు అడుగున బఠాణీ గింజంత ఉండే పిట్యూటరీ గ్రంథి నుంచి వచ్చే సంకేతాలతో అండాశయాలు పని మొదలుపెడతాయి. ఎనిమిది నుంచి పదమూడేళ్ల మధ్య ఛాతీ ఎదగడం తొలి గుర్తు. అది మొదలైన రెండు, రెండున్నరేళ్లకు తొలి బహిష్టు వస్తుంది. అంటే ఇంట్లో వాళ్లు ‘ఈ రోజే అయింది’ అనుకునేది నిజానికి రెండేళ్ల నుంచీ జరుగుతున్నదే.

ఆ తర్వాత కూడా పిల్ల ఎత్తు పెరుగుతుంది. సాధారణంగా మరో రెండు మూడు అంగుళాలు. గర్భసంచి పెరుగుతుంది. కాన్పుకు కీలకమైన కటి ఎముకలు వెడల్పు కావడానికి మరికొన్నేళ్లు పడుతుంది. మొదటి ఒకటి రెండేళ్లలో చాలామందికి అండం విడుదల కాకుండానే రక్తస్రావం అవుతుంటుంది. అందుకే ఆ రోజుల్లో ఒక నెల వచ్చి, మరో నెల రాకపోవడం మామూలే. ఇరవై ఒక్క రోజులకు వచ్చినా, నలభై అయిదు రోజులకు వచ్చినా ఈ వయసులో కంగారుపడవలసిన పనిలేదు. ఇది తెలియక నెల తప్పిందని పిల్లను అనుమానించి, కొట్టి, ఏడిపించే తల్లిదండ్రులు ఉండడం శోచనీయం.

‘చెడురక్తం పోతుంది’ అని అవ్వలు అంటుంటారు. అది చెడురక్తం కాదు. బిడ్డ నిలవడానికి గర్భసంచి లోపల ప్రతి నెలా పరచుకునే మెత్తటి పొర, అవసరం లేకపోయేసరికి రక్తంతో కలిసి బయటకు వస్తుంది. ఒక నెలలో పోయే రక్తం సగటున 30 నుంచి 40 మిల్లీలీటర్లు. హోటల్లో ఇచ్చే చిన్న టీ గ్లాసులో సగం అనుకోవచ్చు. రెండు నుంచి ఏడు రోజుల్లో ఆగిపోతుంది.

కుడుకలు, బెల్లం మంచివే

పాత ఆచారాలన్నీ పనికిరానివే అనడం కూడా సరికాదు. మన పల్లెల్లో పిల్ల సమర్తాడగానే మేనమామ కుడుకలు, బెల్లం తెస్తాడు. మేనత్తలు, ఇరుగుపొరుగు వారు నువ్వుల ఉండలు, నెయ్యి, పప్పు పెడతారు. తొమ్మిది రోజులో, పదకొండు రోజులో బరువు పనులు చెప్పరు. కలుపు తీయడానికి, పత్తి ఏరడానికి, నీళ్లు మోయడానికి అలవాటుపడిన పిల్లకు అది నిజమైన విశ్రాంతి. నువ్వుల్లో సున్నం, ఇనుము ఉన్నాయి. పప్పులో మాంసకృత్తులున్నాయి. పెరిగే వయసులో రక్తం పోవడం మొదలైన ఒంటికి ఏం కావాలో పాతకాలపు ఆడవాళ్లు పుస్తకాలు చదవకుండానే కనిపెట్టారు.

చిక్కల్లా ఆ పదకొండు రోజుల తర్వాతే. స్నానం పోసి, కొత్త చీర కట్టించి, ఫొటోలు తీయించాక నువ్వుల ఉండలు మాయమవుతాయి. మళ్లీ పొద్దున చాయ్, మధ్యాహ్నం పచ్చడి మెతుకులు. ముందు మగవాళ్లు, తర్వాత పిల్లగాళ్లు, చివర మిగిలింది తల్లీ కూతుళ్లకు. రక్తం మాత్రం ప్రతి నెలా పోతూనే ఉంటుంది.

హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ లెక్కల ప్రకారం 13 నుంచి 15 ఏళ్ల మగపిల్లవాడికి రోజుకు 22 మిల్లీగ్రాముల ఇనుము కావాలి. అదే వయసు ఆడపిల్లకు 30 మిల్లీగ్రాములు కావాలి. ఎక్కువ కావలసింది ఎవరికి, ఎక్కువ వడ్డించేది ఎవరికి అన్నది ప్రతి ఇంట్లో పళ్లెం చూస్తేనే తెలుస్తుంది.

ఫలితం లెక్కల్లో కనిపిస్తోంది. 2019-21లో జరిగిన అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తెలంగాణలో 15 నుంచి 19 ఏళ్ల ఆడపిల్లల్లో నూటికి దాదాపు 65 మందికి రక్తహీనత ఉన్నట్లు తేల్చింది. దేశం మొత్తం మీద ఇది 59. దేశానికి అన్నం పెడుతున్నామని చెప్పుకునే రాష్ట్రంలో ఆడపిల్లల ఒంట్లో రక్తం లేకపోవడం గమనార్హం. మెట్లెక్కితే ఆయాసం, ప్రార్థనలో నిలబడితే కళ్లు తిరగడం, పాఠం బుర్రకెక్కకపోవడం, మట్టి, బియ్యం తినాలనిపించడం దీని లక్షణాలు. ‘పిల్లకు బద్ధకం ఎక్కువైంది’ అని తిట్టే ముందు కనురెప్ప కిందకు లాగి చూస్తే చాలు. ఎర్రగా ఉండవలసిన చోట తెల్లగా పాలిపోయి ఉంటుంది. అలా ఉంటే రక్తపరీక్ష చేయించాలి.

బళ్లలో, అంగన్‌వాడీల్లో వారానికోసారి ఇచ్చే నీలిరంగు మాత్ర ఇందుకోసమే. బడి మానేసిన పిల్లలకు కూడా అంగన్‌వాడీలో ఇస్తారు. వికారం వస్తుందనీ, పిల్లలు పుట్టరనీ పుకార్లు నమ్మి కిటికీలోంచి పారేసే పిల్లలున్నారు. పిల్లలు పుట్టరన్నది శుద్ధ అబద్ధం. పరగడుపున వేసుకుంటే వికారం రావచ్చు కాబట్టి అన్నం తిన్నాక వేసుకోవాలి. విరేచనం నల్లగా వస్తే భయపడనక్కరలేదు, అది ఇనుము రంగే. అన్నంతోపాటు నిమ్మకాయో, జామకాయో, ఉసిరికాయో తింటే ఒంటికి ఇనుము బాగా పడుతుంది. అన్నం తిన్న వెంటనే చాయ్ తాగితే పట్టదు. రోజుకు నాలుగుసార్లు చాయ్ తాగే మన ప్రాంతంలో ఈ ముక్క గట్టిగా చెప్పవలసిందే. చేలల్లో చెప్పుల్లేకుండా తిరిగే పిల్లలకు పాదాల గుండా కొంకిపురుగులు ఎక్కి రక్తం పీల్చేస్తాయి. 2015 నుంచి ఫిబ్రవరి 10న నులిపురుగుల నిర్మూలన దినం పేరిట మాత్రలు మింగించడం మొదలైంది. వాటిని దాటవేయరాదు.

మూల కూర్చోబెడితే...

విశ్రాంతి వేరు, వెలి వేరు. చాలా ఇళ్లలో పిల్లను మూల కూర్చోబెట్టి, కంచం, చెంబు వేరు చేసి, ఎవరూ తాకకుండా పెడతారు. కొందరైతే పంచాంగం చూపించి నక్షత్రం మంచిది కాదని తేల్చి శాంతులు చేయిస్తారు. తన ఒంట్లో ఏం జరుగుతోందో తెలియక బిక్కచచ్చి ఉన్న పిల్లకు, ఇంటికి అరిష్టం తానే తెచ్చానన్న బెంగ అదనం. బడి పదకొండు రోజులు పోతుంది. పరీక్షల ముందైతే ఏడాదే పోవచ్చు.

ముట్టు అంటే మైల అన్న నమ్మకం మన దగ్గరే పుట్టింది కాదు. బహిష్టు అయిన స్త్రీ చేతిలో విషం ఉంటుందనీ, ఆమె పట్టుకుంటే పూలు వాడిపోతాయనీ 1920లో వియన్నా నగరంలో బేలా షిక్ అనే పేరున్న వైద్యుడే రాశాడు. తర్వాత అలాంటి విషం ఏదీ లేదని తేలిపోయింది. అంత చదివిన డాక్టరే పొరబడితే, ఆవకాయ జాడీ ముట్టుకోనివ్వని మన నాయనమ్మను ఏమనగలం? అయితే వియన్నాలో ఆ మాట మరుగున పడింది. ఇక్కడ జాడీ ఇంకా అటక మీదే ఉంది.

వెలి ప్రాణాల మీదకు తెచ్చిన సందర్భాలూ ఉన్నాయి. 2018 నవంబరులో ‘గజ’ తుపాను తమిళనాడును కుదిపేసినప్పుడు తంజావూరు జిల్లా ఆనైకాడు గ్రామంలో అప్పుడే రజస్వల అయిన ఓ బాలికను ఇంటి పక్క గుడిసెలో విడిగా పడుకోబెట్టారు. రాత్రి గాలికి కొబ్బరిచెట్టు గుడిసె మీద కూలి ఆమె మరణించింది. కర్ణాటకలోని తుమకూరు, చిత్రదుర్గ జిల్లాల కాడుగొల్లల హట్టీల్లో బహిష్టు స్త్రీలను, బాలింతలను ఊరి బయట ఉంచే ఆచారాన్ని మాన్పించడానికి అధికారులు ఏళ్ల తరబడి తంటాలు పడుతున్నారు. నేపాల్‌లో ఇలాంటి గుడిసెల్లో పాముకాటుకు, పొగకు స్త్రీలు చనిపోతుండడంతో 2017లో చట్టం చేసి దాన్ని నేరంగా ప్రకటించారు. మన దగ్గర గుడిసెలు లేవు గదా అనుకోవచ్చు. దోమలు ముసిరే పశువుల కొట్టం పక్కన, తడి నేల మీద చాప పరిచి పడుకోబెట్టే ఇళ్లు లేవని ఎవరూ అనలేరు.

మైల భయం వల్ల జరిగే మరో చెడు కంటికి కనిపించదు. ముట్టుగుడ్డను మగవాళ్ల కంట పడకూడదని చూరు కిందో, మంచం కిందో, తడి దుప్పటి మడతలోనో ఆరేస్తారు. ఎండ తగలని గుడ్డలో బూజు, క్రిములు పెరుగుతాయి. దురద, పుండ్లు, వాసనతో కూడిన తెల్లబట్ట వస్తాయి. గుడ్డ వాడడం తప్పు కాదు. మెత్తటి నూలు గుడ్డను నాలుగైదు గంటలకోసారి మార్చి, సబ్బుతో ఉతికి, మిట్ట మధ్యాహ్నపు ఎండలో దండెం మీద ఆరవేస్తే కొన్న ప్యాడ్‌కు ఏమీ తీసిపోదు. దండెం మీద పంచెకు లేని సిగ్గు గుడ్డముక్కకు ఎందుకో ఆలోచించవలసిన విషయం.

ప్యాడ్లు కొనే ఇళ్లు ఇప్పుడు పల్లెల్లోనూ బాగా పెరిగాయి. కిరాణా కొట్టులో వాటిని అడగాలంటే మగవాళ్లు లేని వేళ చూసి వెళ్లాలి. కొట్టతను దాన్ని పాత పత్రికలో గట్టిగా చుట్టి, నల్ల సంచిలో వేసి, దొంగసొత్తులా అందిస్తాడు. ఈ పేజీకి కూడా రేపు అదే గతి పట్టవచ్చు. 2019 ఆగస్టు నుంచి జన ఔషధి దుకాణాల్లో ప్యాడ్ ఒక్కటి రూపాయికి అమ్మడం మొదలుపెట్టారు. తమిళనాడులోని కోయంబత్తూరుకు చెందిన అరుణాచలం మురుగనాథం తక్కువ ధరకు ప్యాడ్లు తయారుచేసే యంత్రం కనిపెట్టినందుకు ఊరంతా ఆయన్ను పిచ్చివాడన్నది. 2016లో ప్రభుత్వం పద్మశ్రీ ఇచ్చింది. మగవాడు మాట్లాడితే పరువు పోతుందనుకునే తండ్రులు ఆయన సంగతి తెలుసుకోవాలి. వాడినవి చెరువులో, మరుగుదొడ్డిలో పారేయకుండా కాగితంలో చుట్టి చెత్తబుట్టలో వేయడం మాత్రం మరవరాదు.

డీజేలు, ఫ్లెక్సీలు

ఒకప్పుడు అయిదుగురు ముత్తయిదువలు కూర్చుని పాటలు పాడితే అయిపోయే వేడుక ఇప్పుడు ఫంక్షన్‌హాళ్లకు ఎక్కింది. కార్డులు, డీజే, రోడ్డు కూడలిలో పిల్ల నిలువెత్తు ఫ్లెక్సీ, వందల మందికి మాంసం భోజనం. ఎకరం, రెండెకరాల పత్తి రైతు కూడా ‘వాళ్లు చేశారు, మేం చేయకపోతే ఎట్లా’ అని వడ్డీకి తెస్తున్నాడు. ఆ అప్పుతో పిల్లను ఇంటర్ దాకా హాస్టల్‌లో ఉంచి చదివించవచ్చు.

ఖర్చు ఒక ఎత్తు, ఫలితం ఒక ఎత్తు. పిల్ల ఒంట్లో జరిగిన మార్పును కూడలిలో ఫ్లెక్సీ కట్టి చెప్పడమంటే పెళ్లి బేరానికి పిలవడమే అవుతోంది. మేనరికం వరసైన వాళ్లు ఆ విందులోనే మాట తీస్తారు. ‘మంచి సంబంధం, కట్నం అడగడం లేదు, రేపు మనసు మారితే?’ అని ఒత్తిడి మొదలవుతుంది. దీనికి తోడు ఉన్నత పాఠశాల పక్క ఊళ్లో ఉంటే, దారిలో కుర్రాళ్లు వెంటపడితే, బళ్లో మరుగుదొడ్డికి తలుపో, నీళ్లో లేకపోతే చదువు మాన్పించడానికి వేరే సాకు అక్కరలేదు. ఆదివారాల్లో కోట్‌పల్లి ప్రాజెక్టుకు పట్నం నుంచి వచ్చిన అమ్మాయిలు లైఫ్ జాకెట్లు తొడుక్కుని పడవలు నడుపుతుంటే గట్టు మీద నిలబడి చూసే ఊరి ఆడపిల్లలున్నారు. మొన్నమొన్నటిదాకా అదే నీటిలో ఈత కొట్టిన పిల్లలు. వాళ్లను ఆపింది నీటి లోతు కాదు.

అప్పుడు ముందు, ఇప్పుడు వెనక

చిత్రమేమిటంటే నూరేళ్ల కిందట కొన్ని కులాల పెద్దలకు దీనికి పూర్తిగా తలకిందులైన భయం ఉండేది. రజస్వల కాకముందే పెళ్లి కాకపోతే కుటుంబాన్నే వెలివేసేవారు. విజయనగరం మహారాజు ఆనందగజపతి కన్యాశుల్కం పెళ్లిళ్ల జాబితా తయారుచేయిస్తే విశాఖపట్నం జిల్లా బ్రాహ్మణుల్లో మూడేళ్లలో 1,034 పెళ్లిళ్లు తేలాయి. వారిలో అయిదేళ్ల పిల్లలు 99 మంది, మూడేళ్ల వారు 36 మంది, ఏడాది పసిపాపలు ముగ్గురు! ఈ దురాచారం మీదే గురజాడ అప్పారావు ‘కన్యాశుల్కం’ నాటకం రాశారు. 1892లో దాన్ని ఆడారు, 1897లో అచ్చయింది. ముసలి మొగుడు చనిపోతే బొట్టు చెరుపుకుని మిగిలే బాలవితంతువులకు రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం 1881 డిసెంబరు 11న తొలి పునర్వివాహం జరిపించారు.

కలకత్తాలో 1889లో పదేళ్లు దాటిన ఫుల్‌మణి అనే బాలిక, ముప్పై దాటిన భర్త కాపురం చేయడంతో రక్తస్రావమై చనిపోయింది. పెళ్లయింది కాబట్టి అప్పటి చట్టం దాన్ని అత్యాచారంగా చూడలేదు. భర్తకు ఏడాది శిక్షతో సరిపెట్టారు. ఆ గొడవ తర్వాత 1891లో కనీస వయసును పదేళ్ల నుంచి పన్నెండేళ్లకు పెంచితే మతం మంటగలిసిందని పెద్ద పెద్దవాళ్లు ఊరేగింపులు తీశారు. 1929లో శారదా చట్టం పెళ్లీడును 14కు తెచ్చింది. 1978లో అది 18 అయింది. 2006లో బాల్యవివాహాల నిషేధ చట్టం వచ్చింది. ఇంత నడిచినా, సమర్త అన్న ఆ ఒక్క రోజునే కొలబద్దగా పెట్టుకునే అలవాటు పోలేదు. అప్పుడు దానికి ముందు, ఇప్పుడు దానికి వెనక. పిల్ల ఒంటిని, ఇష్టాన్ని అడిగిన వారు అప్పుడూ లేరు, ఇప్పుడూ అరుదే.

2019-21 సర్వే సమయానికి తెలంగాణలో 20 నుంచి 24 ఏళ్ల స్త్రీలలో నూటికి 23.5 మందికి పద్దెనిమిది నిండకముందే పెళ్లయింది. నలుగురిలో దాదాపు ఒకరన్నమాట.

చిన్న వయసులో కాన్పు తల్లికీ బిడ్డకూ గండమే. తల్లే ఇంకా పెరుగుతుంటుంది కాబట్టి తినే నాలుగు మెతుకులకు కడుపులో బిడ్డ, తల్లి ఒళ్లు పోటీ పడతాయి. రక్తపోటు పెరిగి ఫిట్స్ రావడం, కాన్పు తర్వాత ఇన్‌ఫెక్షన్లు సోకడం చిన్న వయసు తల్లుల్లో ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. బిడ్డ నెలలు నిండకుండానో, బరువు తక్కువగానో పుడుతుంది. ఆ బిడ్డ ఆడపిల్లయితే మళ్లీ రక్తం లేని మరో తల్లి తయారవుతుంది.

ఇందుకు సంబంధించిన మరో వ్యవహారం బయటకు రాదు. పన్నెండేళ్లప్పుడు నొప్పి వస్తే ‘ఆడదన్నాక ఓర్చుకోవాలె’ అన్నారు. తెల్లబట్టయితే చెప్పుకోవద్దన్నారు. ముప్పై దాటేసరికి ఆ బాధలన్నీ ముదిరి, ఏదో ఓ ప్రైవేటు ఆసుపత్రిలో ‘గర్భసంచి తీసేస్తే పీడ పోతుంది’ అంటే ఒప్పుకుంటారు. 2015-16 సర్వేలో గర్భసంచి తీయించుకున్న 15-49 ఏళ్ల స్త్రీలు దేశంలో అన్ని రాష్ట్రాల కంటే ఆంధ్రప్రదేశ్‌లో (8.9 శాతం), ఆ తర్వాత తెలంగాణలో (7.7 శాతం) ఎక్కువగా తేలారు. నోరు మూయించడం ఎక్కడ మొదలై ఎక్కడ తేలిందో ఈ లెక్క చెబుతుంది.

బడే కాపలా

ఈ ప్రాంతానికి దగ్గరగా జరిగిన ఓ ప్రయత్నాన్ని చెప్పుకోవాలి. ప్రొఫెసర్ శాంతా సిన్హా నడిపిన ఎం.వి.ఫౌండేషన్ 1991లో అప్పటి రంగారెడ్డి జిల్లాలో బాలకార్మికులను బడికి తెచ్చే పని చేపట్టింది. వికారాబాద్, తాండూరు అప్పుడు ఆ జిల్లాలోనివే. బడిలో లేని ప్రతి పిల్లా బాలకార్మికురాలే అన్నది వారి సూత్రం. కూలికి పోయే పిల్లలనే కాదు, తమ్ముణ్ని చూసుకుంటూ, పశువులు కాస్తూ, పెళ్లి కోసం ఇంట్లో కూర్చున్న పిల్లలను కూడా లెక్కలోకి తెచ్చారు. మధ్యలో చదువు ఆగిన వారిని శిబిరాల్లో ఉంచి చదివించి, వయసుకు తగిన తరగతిలో చేర్చారు. పెళ్లిళ్లు ఆపడానికి ఊళ్లోని యువకులే పూనుకునేలా చేశారు. శాంతా సిన్హాకు 2003లో రామన్ మెగసెసే అవార్డు లభించింది. 2007లో బాలల హక్కుల జాతీయ కమిషన్‌కు ఆమే తొలి అధ్యక్షురాలయ్యారు.

2004లో మొదలైన కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాల వల్ల బడి దూరమన్న సాకు కొంత తగ్గింది. 2014 అక్టోబరు 2న మొదలైన కల్యాణలక్ష్మి, షాదీ ముబారక్ పథకాలకు వధువుకు పద్దెనిమిదేళ్లు నిండడం షరతు. సాయం 2018లో 1,00,116 రూపాయలైంది. ఆ సొమ్ముపై ఆశతోనైనా చాలామంది తండ్రులు ఆగుతున్నారు. పద్దెనిమిది నిండిన మర్నాడే లగ్గం పెట్టుకుని, పిల్ల డిగ్రీ మధ్యలో మాన్పించేవారూ లేకపోలేదు.

డాక్టరు దగ్గరకు ఎప్పుడు?

అన్నిటికంటే ముందు జరగవలసింది ఇంట్లో తల్లి నోరు విప్పడం. చాలామంది పిల్లలు మొదటిరోజు రక్తం చూసి దెబ్బ తగిలిందనో, జబ్బు చేసిందనో భయపడి ఎవరికీ చెప్పకుండా ఏడుస్తారు. పదేళ్లు దాటగానే తల్లో, అక్కో, వదినో ముందే చెప్పి ఉంచితే ఆ ఏడుపు ఉండదు. తల్లి లేని పిల్లలకు ఆశా కార్యకర్తో, అంగన్‌వాడీ టీచరో, బళ్లో పంతులమ్మో చెప్పవచ్చు.

ఎనిమిదేళ్లలోపే ఛాతీ ఎదగడం మొదలైతే ఆలస్యం చేయకుండా చూపించాలి. పదమూడు దాటినా ఛాతీ ఎదుగుదల లేకపోతే, పదిహేను నిండినా బహిష్టు కాకపోతే కూడా చూపించాలి. అంతేగాని దిష్టి తీయడం, చెట్టుకు ప్రదక్షిణలు చేయించడం వల్ల ప్రయోజనం లేదు. రక్తం కనిపించకుండానే నెలనెలా పొత్తికడుపులో తీవ్రమైన నొప్పి వస్తుంటే లోపల దారి మూసుకుని ఉండవచ్చు. చిన్న ఆపరేషన్‌తో సరిపోతుంది. ఏడు రోజులు దాటినా స్రావం ఆగకపోయినా, గంటకో గుడ్డ తడుస్తున్నా, మూడు నెలలు పూర్తిగా రాకపోయినా, నొప్పితో ప్రతి నెలా బడి పోతున్నా వైద్యం అవసరమే. మామూలు నొప్పికి వేడినీళ్ల కాపడం, కాస్త నడక ఉపశమనమిస్తాయి. ఆ రోజుల్లో స్నానం మానకూడదు. ఆటలు ఆడకూడదన్నదీ లేదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో మొదట చూపించుకుని, అవసరమైతే తాండూరు, వికారాబాద్ ప్రభుత్వ ఆసుపత్రులకు వెళ్లవచ్చు.

ఎక్కడైనా పద్దెనిమిది నిండని పిల్లకు పెళ్లి తలపెడితే 1098 నంబరుకు ఫోన్ చేయవచ్చు. పోలీసులకు, తహసీల్దారుకు, అంగన్‌వాడీ సూపర్‌వైజరుకు చెప్పవచ్చు. పెళ్లి చేసినవారికి, చేయించినవారికి రెండేళ్ల వరకు కఠిన జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా ఉన్నాయి. పద్దెనిమిది లోపు భార్యతో కాపురం చేసినా అత్యాచారమేనని 2017 అక్టోబరు 11న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. పెళ్లి జరిగిపోయినా దారి మూసుకుపోలేదు. పద్దెనిమిది నిండిన తర్వాత రెండేళ్ల లోపు, అంటే ఇరవై ఏళ్లు వచ్చేలోగా, ఆ అమ్మాయే జిల్లా కోర్టుకు వెళ్లి ఆ పెళ్లిని రద్దు చేయించుకోవచ్చు. మళ్లీ పెళ్లి చేసుకునే దాకా మనోవర్తి కూడా అడగవచ్చు.